సిక్ రిపోర్ట్

మా ఇంట్లో జ్వరం రావాలన్నా నాన్న పర్మిషన్ కావాలి. నవ్వులాటకి చెప్పడం లేదు. నేను మూడో క్లాసులో ఉండగా ఒళ్ళు కాలిపోతున్నా బడికి పోయి, ప్రేయర్‌లో కూలబడ్డాను. కబురు అందుకుని వచ్చిన నాన్న నన్ను భుజాన వేసుకుని, గేటు దాటాక, "ప్రేయర్ అయిందాకన్నా నిలబడలేకపోయావా?" అని అడిగాడు. ఆయన సుబేదార్ అంకయ్య. కందుకూరు పక్క పల్లె నుంచి మీసాలు రాని వయసులోనే పటాలంలో చేరినవాడు. పటాలంలో పొద్దున్నే ఒక లైను ఉంటుంది. ఒంట్లో బాగాలేని జవాన్లు పేరు రాయించుకుని, ఆ లైన్లో నిలబడి డాక్టరు దగ్గరికి పోతారు. దాన్నే సిక్ రిపోర్ట్ అంటారు. నిజంగా జబ్బు చేసినా సరే, ఆ లైన్లో కనబడ్డవాడిని మిగతావాళ్ళు పనిదొంగ కిందే జమకడతారు. నాన్న తన సర్వీసు మొత్తంలో ఏనాడూ ఆ లైన్లో నిలబడలేదు. ఆయన నిలబడకపోతే సంతోషం, మమ్మల్ని కూడా నిలబడనివ్వలేదు. నా కడుపుమంట అంతా అక్కడే.

1995 ఎండాకాలం సంగతి ఇది. ఢిల్లీ కంటోన్మెంట్‌లో క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాకు ఇరవై రెండేళ్ళు. ఢిల్లీ అమ్మాయిల హాకీ జట్టుకి లెఫ్ట్ హాఫ్ ఆడుతున్నాను. మే నెలాఖరులో ఇండియా క్యాంపుకి సెలెక్షన్ మ్యాచ్‌లు ఉన్నాయి. ఈసారి ఇంద్రాణి పేరు ఖాయం అని మైదానంలో అందరూ అనేవాళ్ళు. నేను పైకి "చూద్దాంలే" అనేదాన్ని గానీ, ఇండియా జెర్సీ వెనక నా నంబరు ఎంత ఉంటుందో కూడా లోపల అనుకునేసి ఉన్నాను. చదువులో నేను అంతంత మాత్రం, వంట అసలు రాదు. నాకున్నదల్లా ఆ ఆటే.

ఏప్రిల్లో ఒక సాయంత్రం ప్రాక్టీసులో బంతి కోసం గిరుక్కున తిరిగితే ఎడమ మోకాల్లో ఏదో టప్పుమంది. ఇంటికి వచ్చేసరికి మోకాలి చిప్ప కనబడకుండా వాచింది. అమ్మ చూసి గుండెలు బాదుకుంది.

"ఏందే ఇది! ఏమయ్యా, రేప్పొద్దున దీన్ని ఆస్పత్రికి తీసకపో."

నాన్న వంగి రెండు వేళ్ళతో మోకాలు నొక్కి చూశాడు. నేను పళ్ళు బిగబట్టుకున్నాను.

"వాపే గదా. దిగుద్దిలే."

"దిగకపోతే?"

"కట్టు కడతా."

"అది కాలా, బూటా? నువ్వు కట్టి పాలిష్ కొట్టేదానికి!"

"నీకు తెలవదు, ఊరుకో కస్తూరీ. ఇయాల ఇది ఆస్పత్రికి పోయిందనుకో, రేపటికి టీమ్ మేనేజరుకి తెలిసిపోద్ది. ఎల్లుండికి పేరు కొట్టేస్తాడు. పోయినేడు ఆ పంజాబీ పిల్లకి ఏమైంది, అడుగు దాన్ని."

ఆ పంజాబీ పిల్ల బల్జీత్. మా రైట్ అవుట్. నడుం నొప్పి అని మేనేజరుకి నిజం చెప్పింది. ఆయన "ఆరామ్ కరో బేటా" అని తల నిమిరి పంపించాడు, ఇక మళ్ళీ పిలవలేదు. అది నిజమే, నా కళ్ళతో నేను చూసిందే. నాన్న మాట తీసేయలేకుండా చేసింది కూడా అదే. అమ్మ రాత్రికి ఉప్పు మూట వేడి చేసి కాపడం పెడుతూ ఆయన్ని తిట్టింది, నన్ను తిట్టింది, హాకీ కనిపెట్టినవాణ్ణి కూడా తిట్టింది.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే నాన్న నన్ను వరండాలో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి కట్టు కట్టేవాడు. ఎనిమిది అంకె వేసినట్టు పైకీ కిందికీ చుట్టి, కొసని మోకాలి వెనక లోపలికి దోపేవాడు. పిన్ను పెట్టేవాడు కాదు. పిన్ను మెరిస్తే సాక్సు పైనుంచి కనబడుతుందట. అయ్యాక మోకాలి మీద రెండు దెబ్బలు తట్టి "శాబాష్" అనేవాడు. ఎవరికి శాబాషో నాకు తెలిసేది కాదు. నొప్పి మాత్రం తెలిసేది. ఎడమవైపు తిరగాల్సి వస్తే నాలుగు చిన్న అడుగులేసి చుట్టు తిరిగి పోవడం అలవాటు చేసుకున్నాను.

సెలెక్షన్ మ్యాచ్ నాడు వడగాలి కొడుతోంది. స్టేడియం టర్ఫ్ మీద నీళ్ళు చల్లినవి చల్లినట్టే ఆవిరైపోతున్నాయి. ఫస్ట్ హాఫ్ బాగా ఆడాను. ఆ మాట గట్టిగా చెప్పుకుంటాను, ఎందుకంటే ఆ తర్వాత చెప్పుకోవడానికి ఏమీ లేదు. సెకండ్ హాఫ్‌లో అవతలి రైట్ వింగర్ బంతితో నా పక్క నుంచి దూసుకుపోబోయింది. చుట్టు తిరిగి పోయే టైము లేదు. ఎడమ కాలు ఆనించి తిరిగాను. నేను తిరిగాను, కాలు తిరగలేదు.

ఆ చప్పుడు మా గోల్‌కీపర్‌కి కూడా వినబడిందట. టర్ఫ్ వేడికి మోచేతులు కాలుతున్నా లేవలేకపోయాను. మేనేజర్ వచ్చి, సాక్సు దించి, కట్టు చూశాడు. "యే కబ్ సే?" అన్నాడు, ఎప్పటినుంచి అని. జవాబు కోసం ఆగలేదు. బెంచీ వైపు తిరిగి వేరే అమ్మాయిని రమ్మని చెయ్యి ఊపాడు. ఇంతలో నాన్న స్టాండ్స్‌లోంచి పరిగెత్తుకొచ్చాడు. వచ్చి ముందు చేసిన పని ఏమిటో తెలుసా? ఆ కట్టు గబగబా విప్పి ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు. ఆ తర్వాతే నా మొహం చూశాడు.

ఆర్మీ హాస్పిటల్లో ఎముకల డాక్టర్ ఒక మేజర్. నిదానస్థుడు. మోకాలిని అటూ ఇటూ జరిపి చూసి, ఇది ఒక్కరోజులో అయినట్టు లేదే, ఇంతకుముందు ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అని హిందీలో అడిగాడు. అడిగింది నన్ను. నాన్న మంచం పక్కన అటెన్షన్‌లో నిలబడి జవాబు చెప్పాడు.

"నో సర్. పహలే కుఛ్ నహీ థా సర్."

ముందు ఏమీ లేదట! నా చెవులు నేనే నమ్మలేదు. మా నాన్న అబద్ధం ఆడటం నేను పుట్టాక అదే మొదటిసారి వినడం. అదీ నా కాలు మీద, నా మొహం మీద!

"ఏప్రిల్లో తగిలింది సర్," అన్నాను. "కట్టు కట్టుకుని ఆడాను."

మేజర్ చేతిలో పెన్ను కింద పెట్టాడు. నన్నూ నాన్ననూ మార్చి మార్చి చూశాడు. అప్పుడే తీసుకొచ్చి విశ్రాంతి ఇచ్చి ఉంటే అతుక్కునేదని, ఇప్పుడు లిగమెంట్ పూర్తిగా తెగిపోయిందని, లోపల మెత్తటి ఎముక కూడా నలిగిందని చెప్పాడు. ఆపరేషన్ చేస్తే బాగా నడుస్తుంది, పెళ్ళి చేసుకుంటుంది, మెట్లెక్కుతుంది, హాకీ మాత్రం మర్చిపోవాలి అన్నాడు.

"యస్ సర్," అన్నాడు నాన్న.

యస్ సర్ అట! కూతురి ఆట పోయిందని చెబితే యస్ సర్ అట! ఆ మంచం మీద లేవగలిగి ఉంటే ఆ రోజు ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

జూన్ నెలాఖరు దాకా ఆయనతో మాట్లాడలేదు. ఆపరేషన్ అయి, కట్టు విప్పి, చేతికర్రతో నడవడం మొదలుపెట్టాను. కరెంటు పోయి కూలర్ ఆగినప్పుడల్లా ఇల్లంతా కొలిమి. ఒక మధ్యాహ్నం నా హాకీ స్టిక్కులు మూడూ కిటికీలోంచి రోడ్డు మీదకి విసిరేశాను. అమ్మ ఎండలో చెప్పుల్లేకుండా పరిగెత్తి, మూడూ ఏరుకొచ్చి, బియ్యం డ్రమ్ము వెనక దాచింది. "నీ కోపం తగలెయ్య, ఎవరి నెత్తినన్నా పడుంటేనో!" అని కేకలేసింది. ఆ సాయంత్రమే నాన్న కొత్త వార్త పట్టుకొచ్చాడు. కంటోన్మెంట్‌లోని బడిలో పీటీ మాస్టారికి బదిలీ అయిందట, ఆడపిల్లల హాకీ టీమ్‌కి దిక్కు లేదట, నాన్న తన పై ఆఫీసరు సీఓ సాబ్ చేత ప్రిన్సిపాల్ మేడమ్‌కి చెప్పించాడట.

"బడి తెరవంగానే పోతన్నావు. కోచింగు," అన్నాడు గోడ వైపు చూస్తూ.

"కోచింగా? చచ్చిన ప్లేయర్లకి ఇచ్చే పని నాన్నా అది. నాకొద్దు."

"కాళీగా కూచుంటే బుర్ర చెడిపోద్ది."

"నా బుర్ర సంగతి తర్వాత చూద్దాం. నా కాలు చెడగొట్టింది ఎవరు?"

నాన్న టోపీ తీసుకుని బయటికి పోయాడు. ఆయన తిరిగి అరిచి ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది. ఆ నోరు మూసుకోవడం చూస్తే ఇంకా ఒళ్ళు మండింది. అమ్మ నా పక్కన కూలబడి, "పోవే తల్లీ," అంది. "ఇంట్లోనే ఉన్నావంటే ఇయాల కాకపోతే రేపు ఆయన్నేదో చేసేస్తావు. నాకు మీరిద్దరూ కావాల." ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. జూలైలో బడికి పోయాను.

మొదటి వారం నేను కోచ్‌ని కాదు, కాపలాదారుని. మైదానం అంచున ఇనప కుర్చీ వేసుకుని, కర్ర ఒళ్ళో పెట్టుకుని, పిల్లలు తప్పు చేసినప్పుడల్లా తెలుగులో తిట్టేదాన్ని. వాళ్ళకి అర్థం కాదు కదా అని నా ధైర్యం. "ఒసేయ్, అది స్టిక్కా, చీపురా? వాకిలి ఊడుస్తున్నావా?" అంటే ఒక పిల్ల పకపకా నవ్వి, పక్కవాళ్ళకి హిందీలో చెప్పేసింది. ఆరా తీస్తే ఆ పిల్ల పేరు మనీష, నాన్న బెటాలియన్‌లోనే పనిచేసే హవల్దార్ శ్రీరాములు కూతురు. విజయనగరం వైపు వాళ్ళు. పిల్ల పుట్టింది అంబాలాలో, పెరిగింది ఊరూరా.

"తెలుగు వచ్చా నీకు?"

"సమఝ్ మే సబ్ ఆతా హై దీదీ. బస్, బోల్‌నా నహీ ఆతా."

"అన్నీ అర్థమవుతాయి, మాట్లాడటమే రాదా? అయితే తిట్లన్నీ నీకే."

"ఠీక్ హై దీదీ," అని దండం పెట్టింది గడుగ్గాయి.

ఆ తర్వాత నేను ఏం తిట్టినా మనీష దానికి రెండు కలిపి మిగతావాళ్ళకి అందించేది. పదిహేనేళ్ళు ఉంటాయేమో, సన్నగా, నల్లగా, రెండు జడలు మడిచి కట్టుకుని ఉండేది. హాఫ్ లైన్లో ఆడేది. బంతి అవతలివాళ్ళ దగ్గర ఉండగానే అది ఎటు పోతుందో పసిగట్టేది. అది నేర్పిస్తే వచ్చేది కాదు. ఒకరోజు తనకంటే రెండింతలున్న పిల్ల కాళ్ళ మధ్య నుంచి బంతి లాక్కుని, తల ఎత్తి చూసి, మైదానం అవతలి అంచుకి కొట్టింది. నేను కుర్చీలోంచి లేచి గొంతు చించుకుని "అదీ!" అని అరిచాను. కర్ర ఎటో పడిపోయింది. పిల్లలందరూ ఆట ఆపి నా వైపు చూశారు. నాకు చాలా సంతోషం కలిగింది. సంతోషం కలిగినందుకు నా మీద నాకే కోపం కూడా వచ్చింది. ఆ రాత్రి స్టిక్కులు ఎక్కడ పెట్టావని అమ్మని అడిగాను.

ఆగస్టు చివరికి మా బడి జోనల్ ఫైనల్‌కి వచ్చింది. ఫైనల్‌కి ఢిల్లీ సబ్ జూనియర్ సెలెక్టర్లు వస్తున్నారని తెలిసింది. పిల్లలు గాల్లో తేలుతున్నారు. మనీష సంగతి చెప్పక్కర్లేదు. దాని పేరు ఎవరూ కాదనలేరని నేనే అందరి ముందూ అన్నాను.

ఫైనల్ ముందు రోజు ప్రాక్టీసు. బంతి మనీషకి ఎడమ పక్కగా వచ్చింది. ఎప్పుడూ అయితే ఒక్క అడుగుతో తిరిగి అందుకునేది. ఆ రోజు నాలుగు చిన్న అడుగులేసి, చుట్టు తిరిగి పోయింది. ఇంకోసారి అటే బంతి వేయించాను. మళ్ళీ అంతే.

"మనీషా, ఇటు రా. సాక్సు దించు."

"కుఛ్ నహీ హై దీదీ."

"దించమంటున్నానా!"

మెల్లగా దించింది. ఎనిమిది అంకె వేసినట్టు చుట్టిన కట్టు. పిన్ను లేదు. కాలు తిప్పి చూశాను. కొస మోకాలి వెనక లోపలికి దోపి ఉంది.

"ఎవరు కట్టారు?"

పిల్ల తల వంచుకుంది.

"మా నాన్నేనా?"

"సుబేదార్ అంకుల్ రోజ్ సుబహ్ ఆతే హై. పీటీ కే బాద్." రోజూ పొద్దున్నే వచ్చి కట్టి పోతున్నాడట. అది చెప్పి, రేపొక్కరోజు ఆడనివ్వమని నా చెయ్యి పట్టుకుని ఏడుపు మొదలుపెట్టింది. "దీదీ, ప్లీజ్, కల్ ఖేల్‌నే దో. బస్ కల్."

ఇంటికి ఎలా పోయానో తెలియదు. నాన్న అన్నం తింటున్నాడు. పళ్ళెం ముందు నిలబడి, "మనీష కాలికి కట్టింది నువ్వేనా?" అన్నాను.

తల ఎత్తలేదు. "శ్రీరాములు అడిగాడు. ఒక్క మ్యాచే గదా."

"నాది కూడా ఒక్క మ్యాచే."

"నీది కింద పడబట్టి పోయింది. కట్టు వల్ల కాదు."

"ఏమయ్యా, ఇంకా అదే మాటా?" అమ్మ గరిటె గిన్నెలో పడేసింది. "కూతురు కర్ర పట్టుకోని నీ కళ్ళ ముందరే తిరగతా ఉంటే ఇంకా అదే మాటా?"

"సెలెక్టర్లు వస్తన్నారు. ఆ పిల్ల జీవితం నిలబడిద్ది. మీకేం తెలుసు?" నాన్న గొంతు పెంచాడు.

"రేపు దాన్ని ఆటలో దించను," అన్నాను.

"దించకపోడానికి నువ్వెవరు?"

"కోచ్‌ని."

ఆ మాట నా నోట్లోంచి రావడం అదే మొదటిసారి. నాన్న పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అన్నం సగం అలాగే ఉండిపోయింది.

మర్నాడు టీమ్‌లో మనీష పేరు లేదు. బెంచీ మీద నాకు వీపు పెట్టి కూర్చుంది. ప్రిన్సిపాల్ మేడమ్ వచ్చి, ఇంగ్లీషులో, ఒక్క పది నిమిషాలైనా ఆడించరాదా అంది. నేను ఆడించనన్నాను. శ్రీరాములు సైడ్‌లైన్ దగ్గర నిలబడి మ్యాచ్ అంతా నన్నే చూస్తున్నాడు. ఆయన పక్కన మా నాన్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మనీష ఉండాల్సిన చోటు నుంచే అవతలివాళ్ళు వచ్చి రెండు గోల్స్ కొట్టారు. ఓడిపోయాం. సెలెక్టర్లు వేరే బడి పిల్లల పేర్లు రాసుకుని కారెక్కారు.

శ్రీరాములు నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"ఏటమ్మా, సంతోషంగా ఉందా? నీకు పోయిందని మా పిల్లకి కూడా లేకుండా సేత్తావేటి? కుళ్ళమ్మా నీకు. కుళ్ళు."

పిల్లలందరూ విన్నారు. వాళ్ళ అమ్మానాన్నలు విన్నారు. మా నాన్న విన్నాడు. నేను నాన్న వైపు చూశాను. ఒక్క మాట, తప్పు శ్రీరాములూ అని ఒక్క మాట అంటాడేమోనని చూశాను. ఆయన నేల చూస్తూ నిలబడ్డాడు. శ్రీరాములు అన్నదానికంటే అది ఎక్కువ తగిలింది. నిజంగా నాకు కుళ్ళేనా అని ఆ రాత్రంతా ఆలోచించాను. కొంచెం ఉందేమో. ఉంటే ఉండనీ, మనీషని బెంచీ మీద కూర్చోబెట్టింది మాత్రం కుళ్ళు కాదు.

తెల్లారి నేను లేచేసరికి నాన్న లేడు. కాసేపటికి వాకిట్లో శ్రీరాములు స్కూటరు ఆగింది. శ్రీరాములు మొహం మాడ్చుకుని నడుపుతున్నాడు, మధ్యలో మనీష, వెనక నాన్న. నాన్న దిగి, "రా, ఆస్పత్రికి పోదాం. ఆటో పిలిచా," అన్నాడు నాతో. ఎందుకని అడగలేదు. చెప్పులేసుకున్నాను.

అదే మేజర్. మనీష మోకాలు చేతుల్లోకి తీసుకుని, ఎప్పటినుంచి అని అడిగాడు. శ్రీరాములు చేతులు ప్యాంటుకి ఆనించి, "పరసోం సే సర్," అన్నాడు. మొన్నటినుంచేనట!

"నో సర్," అన్నాడు నాన్న.

ఆయన కూడా అటెన్షన్‌లోనే ఉన్నాడు.

"వారం దాటింది సర్. కట్టు కట్టింది నేను. ఆడమన్నది నేను. ఈయనకేం తెలియదు సర్." అంతా హిందీలో, ఒక్క ఊపిరిలో చెప్పాడు. తర్వాత ఇంకో మాట కలిపాడు. "నా కూతురికి కూడా నేనే కట్టాను సర్. ఏప్రిల్లో."

మేజర్ నా చేతికర్ర వైపు ఒకసారి చూసి, మళ్ళీ మనీష మోకాలి మీదకి వంగాడు. చాలాసేపు చూశాక, లిగమెంట్ సాగింది గానీ తెగలేదన్నాడు. దసరా దాకా పరుగు వద్దు, ఆ తర్వాత మెల్లగా మొదలుపెట్టవచ్చు అన్నాడు.

"దశహరా తక్!" అని మనీష ఘొల్లుమంది.

లాగి ఒకటి ఇవ్వాలనిపించింది దానికి. దసరా దాకా అట! నాకు ఎవరైనా దసరా అని చెప్పి ఉంటే, పోనీ మరుసటేడు దసరా అని చెప్పినా, వాళ్ళ కాళ్ళ మీద పడి ఉండేదాన్ని. బయటి వరండాలోకి వచ్చేశాను. నాన్న నా వెనకే వచ్చాడు.

"ఈ మాట ఆ రోజు ఎందుకు చెప్పలేదు?" అన్నాను. గొంతు తగ్గించాలని కూడా అనిపించలేదు. వరండాలో జనం తిరిగి చూశారు. "ఊళ్ళోవాళ్ళ పిల్ల కోసం చెప్పావు. నా కోసం ఎందుకు చెప్పలేదు నాన్నా?"

ఆయన గోడకి ఆనుకున్నాడు. యూనిఫామ్‌లో ఉండగా నాన్న గోడకి ఆనుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఆ రోజు చెప్తే నీ కాలు నేనే తీసేసినట్టు ఒప్పుకోవాల," అన్నాడు. "నా వల్ల కాలా. ఈ పిల్లకి ఇంకా కాలుంది."

నాకు ఆ జవాబు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. క్షమించమని అడుగుతాడేమో అనుకున్నాను, అడగలేదు. అడిగినా క్షమించి ఉండేదాన్ని కాదు. "ఇంటికి పో. అమ్మ ఎదురుచూస్తుంటుంది," అని చెప్పి, ఆయన్ని అక్కడే వదిలేసి, ఆటో ఎక్కి బడికి పోయాను.

సాయంత్రం ప్రాక్టీసుకి పిల్లలు వచ్చారు గానీ ఎవరూ నా మొహం చూడటం లేదు. ఓడిపోయారు కదా, దానికి కారణం నేనని వాళ్ళకి తెలుసు. మనీష కాలికి ఆస్పత్రి కట్టుతో వచ్చి, బుంగమూతి పెట్టుకుని, నాకు దూరంగా గడ్డి మీద కూర్చుంది. నేను అందరినీ వరసలో నిలబెట్టాను.

"మనీష దసరా తర్వాత ఆడుతుంది," అన్నాను హిందీలో. "దాని చోటు దానిదే. దాంట్లో ఇంకెవరినీ వేయను. ఇప్పుడు మీ సంగతి చెప్పండి. ఎవరికైనా ఎక్కడైనా నొప్పి ఉంటే చెయ్యి ఎత్తండి. చెప్పినవాళ్ళ పేరు కొట్టెయ్యను. నా మీద ఒట్టు."

ఎవరూ కదల్లేదు. ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు. అందరూ కంటోన్మెంట్ పిల్లలే, నాయక్‌ల కూతుళ్ళు, హవల్దార్ల కూతుళ్ళు. నేను కూడా కదలకుండా నిలబడ్డాను.

చివర ఉన్న గోల్‌కీపర్, జట్టు మొత్తంలో అందరికంటే చిన్నది, చెయ్యి భుజం దాకా ఎత్తింది. దాని పక్కది ఎత్తింది. ఆ తర్వాత మధ్యలో నలుగురు. తర్వాత ఫార్వర్డ్ పిల్లలు ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు. నేను చూస్తూ ఉండగానే ఆ వరసలో చెయ్యి ఎత్తనివాళ్ళు ఇద్దరే మిగిలారు.

నేను కుర్చీలో కూలబడ్డాను. ఇన్నాళ్ళూ నా దగ్గర తిట్లకి కొదవ లేదు. ఆ రోజు మాత్రం ఎవరిని తిట్టాలో తెలియలేదు. ముందు ఆ చిన్నదాన్ని దగ్గరికి పిలిచి, ఎక్కడ నొప్పి అని అడిగాను.